చేదుకో కోటయ్యా: భక్తరక్షణలో తెలిసే దైవస్వభావం

మహాశివరాత్రికి ప్రభలు కట్టుకొని కోటప్పకొండకు తరలే నరసరావుపేట ప్రాంత జనం నోట వినిపించే పిలుపు ‘చేదుకో కోటయ్యా’. ‘కాపాడు’ అనకుండా ‘చేదుకో’ అనడంలోనే ఒక తత్త్వం దాగి ఉంది. చేదడమంటే బావిలోకి తాడు వదిలి నీళ్లు పైకి లాగడం. అడుగున ఉన్న బొక్కెన తనంతట తాను పైకి రాలేదు. చేదేవాడే గట్టు దగ్గరికి వచ్చి, ముందుకు వంగి, తాడు కిందికి వదలాలి. భక్తుణ్ణి ఆదుకోవడం దేవుని బలానికి నిదర్శనమని సాధారణంగా అంటాం. ఆ బలం పనిచేయడానికి ముందు ఆయన వంగుతాడనీ, రక్షణలో ప్రధానంగా వ్యక్తమయ్యే స్వభావం అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదన. శ్రీవైష్ణవాచార్యులు పరత్వం (అందనంత ఉన్నతి), సౌలభ్యం (సులభంగా అందడం) అని విడదీసి చెప్పిన గుణాలలో ఇది రెండవది.

స్థలపురాణం ఈ మాటను బలపరుస్తుంది. దక్షయజ్ఞధ్వంసం తరువాత శివుడు ఇక్కడ దక్షిణామూర్తిగా వెలశాడంటారు. దక్షిణామూర్తి మౌనగురువు, కదలకుండా కూర్చుంటాడు, శిష్యులే ఆయన దగ్గరికి చేరాలి. గొల్లభామ ఆనందవల్లి కూడా రోజూ ఆయన ఉన్న రుద్రశిఖరమెక్కి సేవించింది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, స్వామినే దిగి రమ్మని వేడుకొంది. వెనుదిరిగి చూడకుండా నడిస్తే వెంట వస్తానన్నాడు. మౌనంగా కూర్చున్న గురువు లేచి ఒక గొల్లపడుచు అడుగుల వెనక అడుగు వేశాడు. పోతన గజేంద్రమోక్షంలోనూ ఇదే చూస్తాం: లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా విష్ణువు బయలుదేరతాడు. మొసలి చావు కన్నా ఆ తొందరే పాఠకుడి మనసులో నిలుస్తుంది.

కోటప్పకొండ కథలో రక్షణ పూర్తికాలేదు కదా అని ఆక్షేపించవచ్చు. బ్రహ్మశిఖరం దగ్గర ఆమె వెనక్కి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. షరతు తప్పితే ఆగిపోయే కరుణ ఏపాటిది? అయితే ఆయన ఎక్కడ ఆగాడో గమనించాలి. మాట తప్పిందని తిరిగి రుద్రశిఖరానికి వెళ్లిపోలేదు. ఆమె తడబడిన చోటే లింగమై నిలిచాడు. ఇవాళ ప్రధానాలయం ఉన్నది అక్కడే. దిగిన మేరను ఆయన వెనక్కి తీసుకోలేదు. భక్తురాలి పొరపాటు దేవుని చిరునామా అయింది.

గుడి ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి మారినందుకు తరువాత అల్లిన సమర్థనే ఈ కథ అని చరిత్రకారుడు అనవచ్చు. అది నిజమే అనుకున్నా వాదం చెడదు. గుడి మారిందని చెప్పడానికి ఏ రాజుకో కల వచ్చిందన్నా సరిపోయేది; జనం ఒక గర్భిణి ఆయాసాన్ని కారణంగా ఎంచుకున్నారు. ఇక్కడ సాక్ష్యం సంఘటన కాదు, ఆ ఎంపిక. ఇంతకన్నా బరువైన ప్రశ్న, పిలిచినా వెంటనే అందని సాయం. గోలకొండ పాలకుడు తానీషాకు బాకీపడిన రామదాసు అక్కడి చెరలో పన్నెండేళ్లు మగ్గాడని సంప్రదాయం. చివరికి రాముడు చెర బద్దలుకొట్టలేదు. తానీషాకు బాకీ సొమ్ము చెల్లించాడు. ఆ ఆలస్యానికి సౌలభ్యం ఒక్కటే సమాధానం చెప్పలేదు. కానీ రక్షణ బలప్రదర్శనే అయితే అప్పు తీర్చే దేవుడు కథలోకి వచ్చేవాడే కాదు. మెట్లదారిలో యాత్రికుడికి ముందు గొల్లభామ గుడి, ఆ తరువాతే కోటయ్య సన్నిధి ఎదురవుతాయి. ఎక్కలేకపోయిన మనిషిని ముందు చూశాకే, ఆమె కోసం దిగినవాడెవరో తెలుస్తుంది.