కొత్త ప్రాసెసరు, పాత పెట్టె: కంప్యూటరు విడిభాగాల పునర్వినియోగ చరిత్ర

యంత్రాల చరిత్రను సాధారణంగా కొత్తవాటి రాకతో చెబుతారు. ఏ సంవత్సరంలో ఏ యంత్రం వచ్చింది, ఎంత వేగంగా పనిచేసింది అన్నవే పుస్తకాల్లో కనిపిస్తాయి. ఈ పాఠంలో మనం మరో ప్రశ్న వేసుకుందాం. కొత్తది వచ్చినప్పుడు పాతదానిలో ఏది మిగిలింది? ఏది మిగలాలో ఎవరు నిర్ణయించారు? కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఉండి, చేతిలో ఉన్న డెస్క్‌టాప్‌ను వర్క్‌స్టేషన్ స్థాయికి పెంచుకోవాలనుకునే విద్యార్థికి ఇది డబ్బుకు సంబంధించిన ప్రశ్న కూడా.

ముందు మరమగ్గాన్ని చూడండి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా సిరిసిల్ల కరీంనగర్ జిల్లాలో భాగం. అక్కడ నడిచినవి ఎక్కువగా సాదా మరమగ్గాలు. 2017లో కేంద్రం ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో ఇలాంటి మగ్గాలను ఉన్నచోటే మెరుగుపరచడం ఒక అంశంగా ఉండేది. ఇనుప చట్రాన్ని కదిలించరు. పడుగు పోగో పేక పోగో తెగినప్పుడు మగ్గాన్ని ఆపే పరికరాలు, మెరుగైన బ్రేకు బిగిస్తారు. దీంతో అది షటిల్ లేని ఆధునిక మగ్గం అయిపోదు గాని, చట్రాన్ని తుక్కుకు అమ్మవలసిన అవసరం తప్పుతుంది. కొత్త భాగం సరిగ్గా పట్టకపోతే మెకానిక్ ఒక రంధ్రం వేస్తాడు, అంచు కాస్త అరగదీస్తాడు.

కంప్యూటరులో ఆ వెసులుబాటు దాదాపు లేదు. ప్రాసెసరు కింది స్పర్శ బిందువుల అమరిక మారితే అది బోర్డులో కూర్చోదు, కూర్చున్నా పనిచేయదు. అందువల్ల కంప్యూటరు భాగం ఆయుష్షు అరుగుదలను బట్టి కాక, తయారీదారులు కుదుర్చుకున్న లేదా తెంచుకున్న ప్రమాణాలను బట్టి నిర్ణయమవుతుంది. ఈ పాఠంలోని మిగతా విషయమంతా ఈ వాక్యానికి వివరణే.

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసి, దాని సాంకేతిక వివరాలను కూడా ప్రచురించింది. ఇతర కంపెనీలు దానికి సరిపోయే కార్డులు, తరువాత దానిలాంటి యంత్రాలే తయారుచేశాయి. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నమూనా బోర్డుల, పెట్టెల కొలతలకు అప్రకటిత ప్రమాణమైంది. మన దేశంలో అదే ఏడాది నవంబరులో ప్రకటించిన కంప్యూటర్ విధానం దిగుమతి నిబంధనలను సడలించింది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక సుంకాలు దశలవారీగా తగ్గాయి. విడిభాగాలు కొని ఊళ్లోనే కంప్యూటరు బిగించే వృత్తికి ఈ మార్పులు దారి చేశాయి.

ఏటీ పెట్టెల్లో ఒక ప్రమాదం ఉండేది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు రెండు ప్లగ్గులు వచ్చేవి. అవి తారుమారైతే బోర్డు కాలిపోయేది. రెండింటిలోని నల్ల తీగలు పక్కపక్కన ఉండేలా పెట్టాలన్నది ఆ కాలపు మెకానిక్‌లకు కంఠోపాఠం. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఒకే ప్లగ్గు తెచ్చి ఆ బాధ తీర్చింది. పెట్టెలో స్క్రూ రంధ్రాల స్థానాలను కూడా అదే స్థిరపరిచింది. నాటి ఏటీఎక్స్ పెట్టెలో నేటి ఏటీఎక్స్ బోర్డు కూడా బిగుస్తుంది. కంప్యూటరులో ఇంతకాలం నిలిచిన భాగం మరొకటి చూపడం కష్టం. మన దృష్టి మాత్రం ఎప్పుడూ ప్రాసెసరు మీదే ఉంటుంది.

అదే 1995 నవంబరులో సర్వర్లు, వర్క్‌స్టేషన్ల కోసం పెంటియం ప్రో వచ్చింది. దాని సాకెట్ సాధారణ పెంటియం సాకెట్ కాదు. 1998 జూన్‌లో వచ్చిన పెంటియం-2 జియాన్‌కు కూడా వేరే స్లాట్ ఇచ్చారు. అంటే వర్క్‌స్టేషన్ ప్రాసెసరు కావాలంటే బోర్డుతో సహా కొనాలి. ఇందులో సాంకేతిక కారణాలు లేకపోలేదు. అయినా ఖరీదైన మార్కెట్‌ను చౌక మార్కెట్ నుంచి వేరుచేసే గోడగా అది పనిచేసిందన్నది కూడా కాదనలేం.

ఆ గోడకు అక్కడక్కడ సందులు ఏర్పడ్డాయి. సాధారణ బోర్డుల ఎల్‌జీఏ 775 సాకెట్, జియాన్‌ల ఎల్‌జీఏ 771 సాకెట్ దాదాపు ఒకేలా ఉండేవి. సర్వర్ల నుంచి తీసేసిన 771 జియాన్లు చవకగా దొరకడం మొదలయ్యాక, ఔత్సాహికులు రెండు బిందువులను అటుదిటు మార్చే చిన్న స్టిక్కరు అంటించి, అమరిక గాట్లను సరిచేసి, వాటిని 775 బోర్డుల్లో నడిపించారు. మగ్గం మెకానిక్ ఆకురాయి ఇక్కడ మళ్లీ కనిపించింది! 2011 నుంచి వచ్చిన జియాన్ ఈ3 వరుసకు అదీ అక్కర్లేదు. చాలా సాధారణ బోర్డుల్లో అవి నేరుగా పనిచేశాయి. 2015లో ఐదో తరం ఈ3తో ఇంటెల్ ఆ సందు మూసింది. సాకెట్ సరిపోయినా, ప్రత్యేక చిప్‌సెట్ ఉన్న బోర్డు తప్పనిసరైంది. అరిగిపోయింది ఏమీ లేదు, మారింది నియమం.

ఇక మార్కెట్ సంగతి. ఉత్తర తెలంగాణకు కంప్యూటరు భాగాలు వచ్చే ప్రధాన కేంద్రాల్లో సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఒకటి. అక్కడి నుంచి అవి రాజీవ్ రహదారి మీద కరీంనగర్‌కు, 44వ జాతీయ రహదారి మీద నిర్మల్, ఆదిలాబాద్‌లకు చేరుతాయి. సరిపోని భాగాన్ని వెనక్కి ఇవ్వడమంటే ఒక రోజు, బస్సు ఛార్జీలు పోయినట్టే. 2012లో వచ్చిన జియాన్ ఈ5లు డేటా కేంద్రాల నుంచి తొలగించబడ్డాక, వాటి కోసం చైనాలో కొత్తగా బోర్డులు తయారయ్యాయి. కొన్నింటిలో పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లే ఉంటాయి.

జగిత్యాలలో ఒక డీటీపీ షాపు యజమాని అలాంటి ఈ5 కొన్నాడని అనుకోండి. ఆయన పాత యంత్రంలో ఏది మిగులుతుంది? చదవడం ఆపి, ముందు మీ జవాబు మీరు రాసుకోండి.

పెట్టె మిగులుతుంది, బోర్డు కొలత అందులో పట్టేదైతే. ఎస్‌ఎంపీఎస్ విషయం అనుమానమే. ఇలాంటి బోర్డులు ప్రాసెసరు కోసం ఎనిమిది పిన్నుల ప్లగ్గు అడుగుతాయి, పాతవాటిలో తరచు నాలుగు పిన్నులదే ఉంటుంది. ర్యామ్ దగ్గర మోసపోవడం తేలిక. డీడీఆర్3 కర్ర డీడీఆర్4 స్లాట్‌లో దూరదు కాబట్టి ఆ తప్పు జరగదు. కాని సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ డీడీఆర్3, ఇళ్లలో వాడే మామూలు డీడీఆర్3 ఒకే స్లాట్‌లో కూర్చుంటాయి. రెండూ కలిపి పెడితే యంత్రం లేవదు. పాత గ్రాఫిక్స్ కార్డుకు విలువ పెరుగుతుంది, ఎందుకంటే ఈ5లో అంతర్గత గ్రాఫిక్స్ లేవు. కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది.

హార్డ్ డిస్కు సంగతి వేరు. అందులోని పెళ్లిపత్రికలు, కరపత్రాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసినవై ఉండవచ్చు. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 7.0 వెలువడింది 2001లో. ఆ ఫాంట్లు యూనికోడ్ కానందున, పాఠాన్ని మార్పిడి చేయకుండా మరో ప్రోగ్రాంలో తెరిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. కాబట్టి డిస్కు పాతబడితే వదిలేయవచ్చు గాని, అందులోని ఫైళ్లను, ఫాంట్లను ముందుగా మరోచోట భద్రపరచాలి. ప్రాసెసరు వేగం కన్నా ఆ షాపుకు ఆధారం అవే.

ఇప్పుడు మీకు అందుబాటులో ఉన్న ఏదైనా పాత డెస్క్‌టాప్‌ను కరెంటు ప్లగ్గు తీసివేసి తెరవండి. ఎస్‌ఎంపీఎస్ లోపలికి మాత్రం వెళ్లకండి, అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. పెట్టె, బోర్డు, ర్యామ్, డిస్కుల మీద ముద్రించిన వివరాలను, తయారీ సంవత్సరం ఉన్నచోట దానిని రాసుకోండి. వాటిలో ఏది ఏ ప్రమాణానికి చెందిందో, ఆ ప్రమాణం ఇప్పటికీ అమల్లో ఉందో లేదో ఒక పేజీలో వివరించండి.