అమ్మినవాడి చిరునామా

బూర్గంపాడుకీ భద్రాచలానికీ మధ్య గోదావరి ఒక్కటే అడ్డం. మా తాతల కాలంలో ఆ నీళ్లు దాటితే రాజ్యమే మారేది. ఇవతలి ఒడ్డు నిజాంది: వరంగల్ జిల్లా, బూర్గంపాడు తాలూకా. అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్లది: మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీ. ఇక్కడ హాలీ సిక్కా చెల్లేది, అక్కడ కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలని మారకం లెక్క. శ్రీరామనవమి కల్యాణానికి పడవెక్కి వెళ్లినవాడు అక్కడ ఓ బిందె కొని, ఇంటికొచ్చి నీళ్లు పోశాక చిల్లు చూసుకుంటే చేసేదేమీ లేదు. అమ్మినవాడు వేరే సర్కారు మనిషి. మన పోలీసు అమీను మాట ఆ ఒడ్డున చెల్లదు.

నేను ఈ తాలూకాలోనే టపా పంచి రిటైరైనవాణ్ని. కొనేవాణ్ని ముంచే బేరం ఎన్ని రూపాలు మార్చిందో కొంత విన్నాను, కొంత నా కళ్లతో చూశాను. ఫోన్లో చీర చూపించి డబ్బు గుంజడం ఈమధ్య పుట్టిన రోగమని అందరూ అంటుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. మోసపోయిన మనిషిని పట్టుకుని "నీకంత ఆశ ఎందుకమ్మా" అని మందలిస్తుంటే ఇంకా బాధేస్తుంది. కొనేవాడి జాగ్రత్త ఒక్కదానితోనే మోసం ఆగిన కాలం ఈ గడ్డమీద లేదు. కొలత అందరికీ ఒక్కటైనప్పుడు, అమ్మినవాడి చిరునామా తెలిసినప్పుడు, అడిగితే పలికే కచేరీ ఉన్నప్పుడు తగ్గింది.

మొదట సంత సంగతి. అడవిలోంచి ఇప్పపువ్వు, కుంకుళ్లు, చింతపండు, తపసి బంక తెచ్చి, ఉప్పూ బట్టా కిరసనాయిలూ పట్టుకెళ్లడం కోయపల్లెల వారపు పని. సావుకారు దగ్గర రెండు కుంచాలుండేవని మా నాయనమ్మ చెప్పేది, కొనే కుంచం ఒకటి, అమ్మే కుంచం ఒకటి. ఇప్పపువ్వు కొనేటప్పుడు పెద్దది తీసి, గోపురంలా రాశి పోయించుకుని ఒక కుంచమనేవాడు. ఉప్పు పోసేటప్పుడు చిన్నది తీసి, బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకుని, పైన అరచేత్తో తలగొట్టి అదీ ఒక కుంచమే అనేవాడు. ఆ బొటనవేలు ఆక్రమించినంత ఉప్పు ప్రతి కుంచంలోనూ కోయమ్మకు తరుగు.

ఆమెకు తెలియకనా? గంప ఎత్తగానే ఎంతుందో చెప్పగలిగిన మనిషి. కానీ పోయిన ఏడాది గింజల అప్పు ఆ సావుకారు చిట్టాలోనే ఉంది. ఉప్పు ఇంకెక్కడా పుట్టదు. తెలిసి తెలిసే మోసపోయేది. తెలివి లేక మోసపోతారనే మాట ఎంత అన్యాయమో ఆ రెండు కుంచాలు చెబుతాయి.

మార్పు పైనుంచి రావలసి వచ్చింది. నిజాం సర్కారు గిరిజనుల స్థితి చూసి చెప్పమన్న మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి, కలప వ్యాపారుల కింద వాళ్లు నలిగిన తీరును 1945లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ మరుసటి ఏడే హైదరాబాదు రాజ్యంలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1953లో మా తాలూకా కొత్త ఖమ్మం జిల్లాలో చేరింది. 1959లో భద్రాచలం కూడా తూర్పుగోదావరి నుంచి ఇదే జిల్లాకు వచ్చింది. 1965లో వంతెన పడింది. రెండు ఒడ్లూ ఒకే కలెక్టరు కిందికి రావడంతో "అవతలివాడు" అనే సాకు పోయింది.

కొలత సంగతీ అంతే. 1956లో తూనికలు కొలతల చట్టం, 1962 ఏప్రిల్ నుంచి దేశమంతా కిలో తప్పనిసరి. కిలో రాయి మీద సర్కారు ముద్ర ఉంటుంది. ముద్ర లేకపోతే అది నేరం. అదే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. దాని డిపోలో అటవీ సరుకు తూచి డబ్బిస్తారు, పప్పూ ఉప్పూ రేటు కట్టి అమ్ముతారు. 1979లో వచ్చిన రెగ్యులేషన్ ఏజెన్సీలో అటవీ ఫలసాయం కొనే హక్కు ఆ సంస్థకే ఇచ్చింది. డిపోల్లో లోపాలు లేవని అనను. కానీ తూకం తేడా వస్తే ఫలానా ఆఫీసుకు వెళ్లి అడగాలని కోయపల్లెకు మొదటిసారి తెలిసింది. అది చిన్న విషయం కాదు.

రెండో రూపం నా సంచీలోనే వచ్చింది. దాని పేరు వీపీ. వస్తువు పోస్టులో వస్తుంది, డబ్బు కట్టి విడిపించుకుంటాం, ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి వెళుతుంది. మన దేశంలో 1877లోనే మొదలైన పద్ధతి ఇది. మద్రాసు పుస్తకాలూ పంచాంగాలూ మందులూ మారుమూల పల్లెకు చేరింది దీనివల్లే. అంత మంచి ఏర్పాటు మీద దొంగలు పడ్డారు.

పత్రికల చివరి పేజీల్లో తొమ్మిది గళ్ల పజిల్ వచ్చేది. ఎటు కూడినా పదిహేను రావాలి. మధ్యలో అయిదు వేస్తే మిగతా అంకెలు వాటంతటవే కూర్చుంటాయి, బడిపిల్లలు చేసేస్తారు. జవాబు పంపిన ప్రతివాడికీ "మీరే విజేత" అని ఉత్తరం వచ్చేది. ట్రాన్సిస్టరో కెమెరాయో సగానికి సగం ధరకు వీపీలో పంపుతున్నామనేవాళ్లు. కింద చూస్తే వీధి ఉండదు, ఇంటి నంబరు ఉండదు. ఎక్కడిదో దూరపు నగరం, ఒక పోస్ట్ బాక్స్ నంబరు.

కిన్నెరసాని ఒడ్డునున్న ఊరి కుర్రాడొకడికి అలాంటి పార్శిల్ తీసుకెళ్లాను. గుడ్డతో కుట్టి, లక్క ముద్రలు వేసిన పెట్టె.

"బాబాయ్, విప్పి చూసి డబ్బిస్తా."

"రూలు ఒప్పుకోదు నాయనా. డబ్బు కట్టి సంతకం పెట్టాకే విప్పాలి."

కూలి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. బ్లేడుతో కుట్లు తెంపాడు. గుడ్డ, అట్టపెట్టె, పాత హిందీ పేపర్ల ఉండలు, వాటి మధ్య సగం ఇటుక. ఎత్తి చూస్తే రేడియో అంత బరువే. ఇంటి ముందు చేరిన పిల్లలు నవ్వారు. వాడు ఆ ఇటుకను కాలవలోకి విసరబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "పైగుడ్డా ముద్రలూ ఇటుకా అన్నీ ఉంచు. ఇవాళే అర్జీ రాయి" అన్నాను. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది: వీపీలో మోసం జరిగితే ఆ డబ్బు ఆపి, కట్టినవాడికి తిరిగి ఇచ్చేలా రూల్సు పెట్టవచ్చని. సాయంత్రమే అర్జీ పోస్టుమాస్టరు గారి బల్ల మీద పెట్టించాను. ఉత్తర ప్రత్యుత్తరాలు నెలల తరబడి నడిచాయి, చివరికి డబ్బు వచ్చింది. అర్జీ ఆలస్యంగా ఇచ్చినవాళ్లకు రాలేదు. సొమ్ము దొంగకు చేరేలోపు ఆపగలిగితేనే దక్కుతుందని ఆ రోజుల్లోనే నాకు రూఢి అయింది.

మూడో రూపం ఫోను. 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలైనప్పుడు దాని తొలి కొనుగోలుదారు మహబూబ్‌నగర్ మనిషే. అతనడిగిన పుస్తకం సులువుగా దొరక్కపోతే బెంగళూరు దుకాణాలన్నీ వెతికి పంపారు. అమ్మేవాడు మాట నిలబెట్టుకున్న చోట ఆన్‌లైను ఎంత మేలో ఆ కథే సాక్ష్యం. 2010లో ఆ సంస్థే సరుకు ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతి తెచ్చింది. పాత వీపీయే కొత్త చొక్కా తొడుక్కుంది. 2016లో యూపీఐ వచ్చింది, డబ్బు రెప్పపాటులో వెళ్లడం మొదలైంది. మనియార్డరును మధ్యలో ఆపడానికి మాకు దొరికిన ఆ కొన్ని రోజులు ఇప్పుడు నిమిషాలైపోయాయి.

మా వీధిలో జరిగినవే చెబుతాను. పట్టుచీర చవకగా ఇస్తామని ప్రకటన, ఫోను నంబరు తప్ప ఊరు పేరు లేదు. డబ్బు వెళ్లాక నంబరు మూగబోయింది. ఇంకొకాయనకు మిలిటరీవాణ్నని, బదిలీ అయిందని చెప్పి సగం ధరకు బండి బేరం పెట్టారు. ముందు రవాణా ఖర్చు, తర్వాత గేట్ పాస్, తర్వాత జీఎస్టీ. ఈ మిలిటరీ వేషం హైదరాబాదు పోలీసులకు ఏళ్లుగా తెలిసిందే. మూడో ఇంట్లో సరుకు వెనక్కివ్వబోయి, గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేశారు. అవతలివాడు క్యూఆర్ కోడ్ పంపి, రీఫండు కోసం పిన్ కొట్టమన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అక్కర్లేదు. పిన్ కొడితే పోవడమే.

చిరునామా లేని పోస్ట్ బాక్స్ చూసి పసిగట్టగలిగినట్టే వీళ్లనీ పసిగట్టవచ్చు. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ పేరూ చిరునామా లేని చోట కొనవద్దు. వ్యక్తి పేరున్న యూపీఐకి ముందే మొత్తం పంపమంటే ఆగండి. వెబ్ చిరునామాలో అక్షరం అక్షరం చదవండి. పార్శిల్ కట్టు విప్పేటప్పుడు, పైనున్న చీటీ కనబడేలా, మొదటినుంచీ వీడియో తీయండి. నేను ఆ కుర్రాడిచేత దాయించిన లక్క ముద్రలు ఇవాళ ఆ వీడియోనే.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు చెబితే, డబ్బు దొంగ ఖాతాలో ఇంకా ఉన్నంతసేపు ఆపించే వీలుంటుంది. సిగ్గుపడి రాత్రంతా దాచుకుంటే ఆ వీలు పోతుంది. నకిలీ సరుకు, వాపసు తీసుకోని సంస్థ అయితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అన్నిటికన్నా పెద్ద మార్పు 2019 వినియోగదారుల చట్టం. 1986 చట్టంలో కేసు ఎదుటివాడున్న చోటో, వ్యవహారం జరిగిన చోటో వేయాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు నివసించే చోటే వేయవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. 2014లో మా మండలంలోని కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, పక్కపక్క పొలాల మధ్య మళ్లీ సరిహద్దు పడింది. అయినా ఎటువైపు వాళ్లకైనా హక్కు వాళ్ల గడపలోనే ఉంది. మా తాతలు రేవులో నిలబడి ఆశపడింది దీనికోసమే.

ఖమ్మంలోని వినియోగదారుల కమిషన్ ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఫిర్యాదు ఆన్‌లైనులో వేసే వీలున్నా, కూలికెళ్లే కోయమ్మకు అది రాసిపెట్టేవాళ్లు కావాలి. డిపో వచ్చాకే కుంచం మోసం తగ్గినట్టు, ప్రతి పంచాయతీ ఆఫీసులోనూ వారానికొక పూట ఈ అర్జీలు రాసే మనిషి కూర్చోవాలి. సర్పంచులనూ చదువుకున్న పిల్లలనూ నేనడిగేది ఇదే. పెన్ను పట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.