నీలం గీత మీద నీళ్లు

హ్యాండిల్‌కి బిగించిన ఫోన్, 35 నిమిషాల్లో కైకలూరు అంటోంది. నీలం గీత ఎక్కడా తెగలేదు. ఆ 35 నిమిషాలూ ఇంకా జరగలేదు, అయినా మనసులో మీరు అప్పుడే ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటున్నారు. వెనక మీ ఆవిడ, ఒళ్లో చిన్నతిరుపతి ప్రసాదం సంచి. స్వామి పాదాలు పుట్టలో ఉన్నాయనీ, చుక్క నీరు పడినా చీమలు కదులుతాయనీ అక్కడ మూలవిరాట్టుకు అభిషేకమే చెయ్యరు. ఇక్కడ, చినఎడ్లగాడి దగ్గర, మీ ముందు రోడ్డే లేదు. అంతా నీళ్లు.

2024 సెప్టెంబరు, వినాయక చవితి రోజులు. ఎండ కాస్తోంది. మరి ఈ నీళ్లెక్కడివి? బెజవాడవి. ఒకటో తారీఖున సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు తాపీగా నడిచొచ్చి కొల్లేట్లో దిగుతోంది. టీవీలో చూసి మీరు అయ్యో అనుకున్న నీళ్లే.

అడ్డంగా కట్టిన తాడు పక్కన బండి పట్టేంత సందుంది. ఒక ట్రాక్టరు దాటేసింది. మీరూ వెళ్తారా?

వెళ్తున్నారు. నీరు ఫుట్‌రెస్టుకి తగిలింది. చల్లగా ఉంది. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి చక్రానికి చుట్టుకుంటోంది. రోడ్డు అంచు కనపడదు. బండి ఎడమకి లాగుతోంది. సైలెన్సరు గుడగుడమంది. "ఏవండీ!" ఇంజను ఆగింది. కాలు దించారు. అందలేదు. అందింది. జారింది.

ఎవరో వెనక నుంచి బండి పట్టుకున్నారు. భుజాన వల, ఎగ్గట్టిన లుంగీ. "దిగమ్మా. బాబూ, హ్యాండిలు ఒదలకండి. వెనక్కి. వెనక్కే."

బయటపడ్డారు. ఫోన్ ఇప్పటికీ ముందుకే పొమ్మంటోంది. మీరెక్కడున్నారో దానికి ఉపగ్రహాలు చెప్పాయి, నీరెక్కడుందో ఎవరూ చెప్పలేదు.

"ఎప్పటికి తీస్తుందండీ?"

కొల్లేట్లోకి వచ్చే ఏర్లు బోలెడు. సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. మధ్యలో చేపల చెరువుల గట్లు. 2006లో ప్రభుత్వం కొట్టించిన వాటిలో మళ్లీ లేచినవీ ఉన్నాయి.

"అమాస పోటు తగ్గాలండి. సముద్రం తీసుకోవాలి గదా. ఎండ చూసి మోసపోకండి, ఇంకా పెరుగుద్ది."

"మరి మేం?"

"హనుమాన్ జంక్షన్, గుడివాడ మీంచి పోండి. చుట్టే, ఏం చేస్తాం. ముందా ప్లగ్గు ఇప్పి తుడవండి."