పాని

అన్నయ్య ఉత్తరాలు మా ఇంటికి ఆదివారం నాడే చేరేవి. పోస్టు పెదబయలు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి మా ఊరికి కొండదారిన గంటన్నర నడక. నేనప్పుడు అక్కడే హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతున్నాను. వారం మధ్యలో ఎప్పుడు ఉత్తరమొచ్చినా పుస్తకాల మధ్య దాచి, ఆదివారం తెల్లవారుతూనే జేబులో పెట్టుకుని బయల్దేరేవాణ్ణి.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. చోడి అంబలి గిన్నె నా ముందు పెట్టి, "ముందు అది చదువు" అనేది. అంబలి తర్వాత.

అన్నయ్య తెలుగులో రాసేవాడు. అమ్మకు సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు, ఉత్తరం వినేంత రాదు. మేము కొటియా తెగ వాళ్ళం. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. అందుకని నేను ఒక్కో వాక్యం లోపల చదువుకుని, మా మాటలోకి మార్చి పైకి చెప్పేవాణ్ణి. మార్చేటప్పుడు కొన్ని దాచేవాణ్ణి కూడా. "మూడు రోజులు జ్వరం, ఇప్పుడు తగ్గింది" అని ఉంటే, "బాగున్నాడట" అని చెప్పాను. పన్నెండేళ్ళ వాడికి అంతకంటే ఏం తోస్తుంది?

అది 1996. అన్నయ్యకు హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర సీటు వచ్చిన ఏడాది. ఆనాటి నిబంధన ప్రకారం నూటికి 85 సీట్లు ఆ ప్రాంతం వాళ్ళవి. మిగిలిన 15 ఎవరైనా పోటీ పడే సీట్లు. అందులో ఒకటి మా అన్నయ్యది. విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ ఉండగా అంత దూరం ఎందుకురా అని నాన్న అడిగితే, "రాజధాని చూడాలి నాన్నా" అన్నాడు. నాన్న మళ్ళీ అడగలేదు. ఆ ఏడు పిప్పలి అమ్మిన డబ్బూ, అమ్మ అడ్డాకులు కుట్టి కూడబెట్టిన డబ్బూ ఒకే గుడ్డలో మూటగట్టి ఇచ్చాడు.

ప్రయాణం గురించి అన్నయ్య చాలాసార్లు చెప్పాడు కాబట్టి నేను వెంట వెళ్ళినట్టే ఉంటుంది. పెదబయలులో బస్సెక్కి పాడేరు. పాడేరులో ఇంకో బస్సు. ఘాట్ రోడ్డు దిగుతుంటే ట్రంకుపెట్టె కాళ్ళ మీదికి జారకుండా రెండు చేతులా పట్టుకున్నాడట. వంట్లమామిడి దాటాక చెవులు తెరుచుకున్నాయి, ఒంటికి ఉక్క తగిలింది. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్. జనరల్ పెట్టెలో తలుపు పక్కన, ట్రంకు మీద కూర్చుని తెల్లారేదాకా మేలుకునే ఉన్నాడు.

హాస్టల్ గదిలో ముగ్గురు. ఒకరిది నల్గొండ, ఒకరిది కరీంనగర్. "మీదేవూరు?" అంటే "పెదబయలు" అన్నాడు. వాళ్ళెప్పుడూ వినలేదు. రెండోసారి ఎవరో అడిగేసరికి "అరకు దగ్గర" అనడం నేర్చుకున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన సకినాలు ముగ్గురూ పంచుకు తినేవాళ్ళు. కానీ వాళ్ళ తెలుగు వేరు, మా బడిలో నేర్పిన తెలుగు వేరు. క్లాసులో ఇంగ్లీషు. గేటు దాటితే ఉర్దూ. మొదటి మూడు నెలలు అన్నయ్య నోరు విప్పింది తక్కువ. ఏ భాషలో మాట్లాడినా ముందు లోపల ఒకసారి కూడబలుక్కోవాలి. ఈలోపు మాట దాటిపోయేది.

ఒక సాయంత్రం విద్యానగర్ వైపు ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళారు గదిలో వాళ్ళు. పాలరాతి పలక పరిచిన బల్ల. నిక్కరు వేసుకున్న కుర్రాడొకడు ఒక్క చేత్తో నాలుగు గ్లాసులు, లోపల వేళ్ళు మునిగేలా పట్టుకొచ్చి, టక్కుమని దించి అరిచాడు.

"పానీ!"

అన్నయ్య ఉలిక్కిపడ్డాడు.

ఆ ఉలికిపాటు అర్థం కావాలంటే చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఊరికి దూరంగా ఒక బడి. చేర్పించిన మూడో రోజు. దాహమేసి, లేచి నిలబడి, పంతులు గారిని "పాని" అని అడిగాడు. అది మా ఇంటి మాట. మాకు నీళ్ళంటే పాని. "నీళ్ళు అను" అన్నారాయన. తెలుగులో ఆ మాట అన్నయ్యకు తెలియదు. మళ్ళీ "పాని" అన్నాడు. అరచేతి మీద బెత్తం పడింది. "నీళ్ళు" అనేదాకా నిలబెట్టారు. ఆ రోజు దాహం తీరింది గానీ, ఇంటి గడప దాటాక ఆ పదం మళ్ళీ పలకలేదు అన్నయ్య.

ఇప్పుడు రాజధాని నడిబొడ్డున అదే పదాన్ని ఒక పిల్లవాడు గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఎవ్వరూ కొట్టడం లేదు. అన్నయ్య గ్లాసు ఎత్తి గడగడా తాగాడు. కుర్రాడు తిరిగొచ్చి, "ఔర్ పానీ?" అన్నాడు. "పాని" అన్నాడు అన్నయ్య. నాలుగు గ్లాసులు తాగాడట. "ఇంత దూపైందా?" అని నల్గొండ అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

ఆ రాత్రి నోటుపుస్తకం చివరి పేజీలో గీత కొట్టి రెండు వరుసలు రాశాడు. ముక్కు మాకూ నాక్, వాళ్ళకూ నాక్. చెవి కాన్. పళ్ళు దాంత్. ఒడియా, ఉర్దూ ఒకే భాషా కుటుంబానివని తర్వాత లైబ్రరీలో చదివాడు. ఆ పేజీ నేను చూశాను. చివరికొచ్చేసరికి అక్షరాలు తొందరతో ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అప్పటి నుంచి ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కడం తేలికైంది అంటాడు. 1939లో తెరిచిన ఆ గులాబీ రంగు రాతి కట్టడం ముందు రోజూ నిలబడేవాడు. దాని కథ క్లాసులోనే విన్నాడు. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు బోధన ఉర్దూలో అన్నారు. దేశంలో యూనివర్సిటీలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో చెబుతున్న రోజులవి. అందుకోసం ముందే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి, సైన్సు, న్యాయం, వైద్యం పుస్తకాలను ఉర్దూలోకి మార్పించారు. లేని పదాల్ని పండితులు కూర్చుని తయారుచేశారు. 1948 దాకా అలా నడిచింది.

అన్నయ్యకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఇంగ్లీషు కాకుండా దేశభాషలో డాక్టరు చదువే చెప్పగలిగారే, మా పిల్లలకు అఆలు మా మాటలో చెప్పలేరా? రెండోది, ఆ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం కదా, వాళ్ళ పిల్లలు ఆ ఉర్దూ క్లాసులో ఎలా కూర్చున్నారో? దర్బారు భాష ఒకటి, ఇంటి భాష ఒకటి. పెదబయలు కుర్రాడికి ఆ బాధ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నా ఉద్దేశంలో అన్నయ్య చదివిన ఎం.ఏ. అంతా ఈ రెండు ప్రశ్నలే.

డిసెంబరులో వచ్చిన ఉత్తరం దగ్గరికి వస్తాను.

వలిసె పూత అయిపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. మంచు వీడలేదు. నేను పొయ్యి పక్కన కూర్చుని నీలం ఇన్‌లాండ్ లెటరు మడత విప్పాను. అవే తెలుగు అక్షరాలు. చదవబోయి ఆగిపోయాను. అక్షరాలు తెలుగువే గానీ, మాట మాది. మా భాషను కాగితం మీద చూడటం నాకదే మొదటిసారి.

"ఏమైంది?" అంది అమ్మ కంగారుగా.

ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. రెండో వాక్యానికి అమ్మ చేతిలో గరిటె ఆగింది. మూడో వాక్యానికి నా దగ్గరికి జరిగింది. మార్చడానికి ఏమీ లేదు. దాచడానికీ వీల్లేకపోయింది. రాత్రిళ్ళు ఆకలేస్తోందనీ, మెస్సు డబ్బు తక్కువై ఒక పూట మానేశాననీ, ఒకసారి అంతా వదిలేసి వచ్చేద్దామని స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాననీ రాశాడు. చివర్న, ఇక్కడ కూడా నీళ్ళను పాని అంటారమ్మా అని రాశాడు.

అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివాను. "ఇన్నాళ్ళూ నువ్వు చెప్తే వాడు బాగున్నాడనుకున్నాను" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడు నాన్న పెదబయలు వెళ్ళి మనియార్డరు కట్టాడు. అమ్మ చోడి పిండి మూట కట్టింది. పాడేరు నుంచి హైదరాబాద్ వెళ్ళే మనిషి దొరకడానికి పది రోజులు పట్టింది.

అన్నయ్య చదువు పూర్తిచేశాడు. బీఈడీ కూడా చేశాడు. 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చి, ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్నప్పుడు మన్యంలోనే మాస్టారయ్యాడు. ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా, పిల్లవాడు దాహమని చెబితే అర్థమయ్యే మాస్టారు బడిలో ఉండటం రిజర్వేషన్ లెక్కల కంటే పెద్ద విషయమని నేను ఇప్పటికీ నమ్ముతాను.

2004లో ప్రభుత్వం గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా. మొత్తం ఎనిమిది. మాట ఆయా జాతులది, లిపి తెలుగు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు అన్నయ్య ఇన్‌లాండ్ లెటరులో చేసింది కూడా అదే.

ఒకటో తరగతి పుస్తకం అన్నయ్య ఇంటికి తెచ్చాడు. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. బొమ్మల్ని వేలితో తడిమింది. అన్నయ్య మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ చదివాడు. అమ్మ ప్రతి మాటకీ తలూపుతూ వింది. అయ్యాక, నావైపు చూసి అడిగింది.

"ఈ ఉత్తరం ఎవరు రాశార్రా?"