పలక ముందా? పక్కటెముక ముందా?

కొయ్య ఓడలు కట్టిన ప్రాచీన వడ్రంగులు తమ విద్యను గురించి పుస్తకాలు వ్రాయలేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి సంక్రమించిన విద్య అది. ఓడ మునిగిపోయినపుడు అందులోని జాడీలు, నాణెములు, రాతి సామాను వేల ఏండ్లయినా సముద్రగర్భంలో నిలిచియుంటాయి. కొయ్యను మాత్రం ఓడపురుగు తొలిచివేస్తుంది. పేరుకు పురుగేగాని, నిజానికి ఇది ఆల్చిప్పల వర్గానికి చెందిన జీవి. ఇసుకలోనో, బురదలోనో కప్పబడిన కొయ్య మాత్రమే దాని బారినుండి తప్పించుకొంటుంది. ఇట్లా మిగిలిన ముక్కలనుబట్టి ఓడ ఆకారాన్ని, దానిని కట్టిన క్రమాన్ని తెలుసుకొనడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం చాలవరకు చిన్న కొయ్య నమూనాలు తయారుచేసే బల్లమీద దొరికింది.

పలకలు తాపడంలోని చిక్కు

ఓడ దేహం మధ్యభాగంలో ఉబ్బి, రెండు కొనలవైపు సన్నగిల్లుతుంది. దానిపై పలకలు అమర్చడంలోని కష్టం తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చాలును. ఒక దోసకాయను తీసుకొని, ఒకే వెడల్పుగల కాగితపు పట్టీలను ఈ కొననుండి ఆ కొనవరకు పక్కపక్కన అంటించి చూడండి. నడుమ చక్కగా అమరిన పట్టీలు కొనలవద్ద ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. కాబట్టి ప్రతి పట్టీని కొనలవైపు సన్నగా కత్తిరించక తప్పదు.

నమూనా ఓడలు చేసేవారు సాధారణంగా మొదట అడుగు దూలాన్ని నిలిపి, దానిపై పక్కటెముకలవంటి వంపు కర్రలను బిగించి, ఆ తరువాత పలకలు తాపుతారు. ఒక పక్క నడిమి చుట్టుకొలత 120 మిల్లీమీటర్లనుకొందాం. 20 వరుసలు వేయదలచినపుడు అక్కడ ఒక్కొక్క పలక 6 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. ముందు కొనవద్ద చుట్టుకొలత 60 మిల్లీమీటర్లే అయితే అదే పలక అక్కడ 3 మిల్లీమీటర్లకు తగ్గాలి. అంతకంటె సన్నపడవలసివస్తే రెండు వరుసలను ఒకటిగా కలుపుతారు. వెనుక భాగంలో ఎడం పెరిగినచోట కోసుగా చెక్కిన పలకను మధ్యలో ఇరికిస్తారు. పలకను వేడినీటిలో నానబెట్టితే కొయ్యలోని లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడుతుంది. అపుడు వంచి ఆరబెట్టితే ఆ వంపు చాలవరకు నిలిచిపోతుంది.

నమూనాలు చేసిన విద్యుత్ పనివాడు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డెన్వర్ అనే చిన్న ఊరిలో రిచర్డ్ స్టెఫీ (1924-2007) విద్యుత్ పనులు చేసుకొంటూ జీవించేవాడు. తీరిక వేళల్లో నమూనా ఓడలు చేయడం అతని అలవాటు. టర్కీ తీరంలో యస్సీ అడా అనే దీవివద్ద మునిగిన ఒక ఓడను జార్జి బాస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1961-64 సంవత్సరాలలో త్రవ్వించాడు. నాణెములనుబట్టి ఆ ఓడ క్రీ. శ. 625 లేక 626 ప్రాంతంలో మునిగినదని తేలింది. స్టెఫీ బాస్‌ను కలుసుకొని, ఆ ఓడకు నమూనా చేయడానికి పూనుకొన్నాడు.

కాగితంపై గీసిన చిత్రంలో ఏ పలకనైనా ఎట్లాగైనా వంచవచ్చును. కొయ్య అందుకు ఒప్పుకోదు. గీత తప్పయితే పలక ఎదురు తిరుగుతుంది, విరుగుతుంది, లేదా సందు వదలుతుంది. అందుచేత నమూనా కేవలం అలంకార వస్తువు కాక, ఊహను పరీక్షించే సాధనమైనది.

కైరీనియా ఓడ

సైప్రస్ ద్వీపంలోని కైరీనియా పట్టణం సమీపంలో, సుమారు 30 మీటర్ల లోతున, ఆండ్రియాస్ కారియోలు అనే గజఈతగాడు 1965లో ఒక జాడీల కుప్పను చూచాడు. మైకేల్ కాట్జెవ్ నాయకత్వాన 1968, 69 సంవత్సరాలలో త్రవ్వగా, సుమారు 2,300 ఏండ్లనాటి గ్రీకు వర్తక ఓడ బయటపడింది. దాని పొడవు సుమారు 14 మీటర్లు. దాదాపు 400 జాడీలు, వేలకొలది బాదంకాయలు అందులో ఉండినవి. అన్నిటికంటె విలువైనదేమనగా, ఓడ దేహంలో చాలా భాగం మిగిలియుండడం. నీటిలో నానిన కొయ్య ఆరితే ముడుచుకొని చిట్లిపోతుంది. కావున ముక్కలను పాలిఎథిలీన్ గ్లైకాల్ అనే మైనంవంటి పదార్థంలో నానబెట్టారు. 1970ల ఆరంభంలో స్టెఫీ తన వృత్తిని వదలి, వేల ముక్కలైన ఆ ఓడను తిరిగి కూర్చడానికి సైప్రస్ వెళ్ళాడు.

అక్కడ అతడు చూచిన క్రమం నేటి నమూనాకారుల క్రమానికి తలక్రిందులు. ఆ వడ్రంగులు పలకల అంచులలో గాళ్ళు తొలిచి, వాటిలో ఓక్ చెక్క బిళ్ళలు దూర్చి, పై పలకను క్రింది పలకతో కలిపి, అడ్డంగా కర్రసీలలు దిగగొట్టారు. ఇట్లా పలకకు పలక అతికి దేహాన్ని రూపొందించిన తరువాతనే పక్కటెముకలను లోపల అమర్చారు. పక్కటెముకల అడుగు కర్రలను అడుగు దూలానికి బిగించకపోవడమే ఇందుకు ఒక సాక్ష్యం. పలకలకు ఆధారంగా ముందే నిలిపినవయితే వాటిని దూలానికి బిగించక తప్పదుగదా!

గొడుగులో గుడ్డకు ఆకారమిచ్చేవి ఊచలు. గుడ్డులో ఊచలు లేవు. పెంకే దాని ఆకారం, పెంకే దాని బలం. కైరీనియా ఓడ గుడ్డువంటిది. నేటి నమూనా ఓడ గొడుగువంటిది.

మార్పు ఎట్లా వచ్చింది?

యస్సీ అడా ఓడలో క్రింది పలకలకు బిళ్ళలున్నా అవి దూరదూరంగా ఉన్నవి, వాటికి సీలలు లేవు. పై పలకలను నేరుగా పక్కటెముకలకు మేకులతో కొట్టారు. టర్కీలోనే సెర్చే లిమాని రేవువద్ద 1977-79లో త్రవ్విన మరియొక ఓడ క్రీ. శ. 1025 ప్రాంతంలో మునిగినది. అందులో బిళ్ళలే లేవు. కొన్ని పక్కటెముకలను ముందు నిలిపి పలకలు తాపారు. అనగా పదమూడు వందల ఏండ్ల వ్యవధిలో ఓడ ఆకారం పలకలనుండి పక్కటెముకలకు మారినది. గాళ్ళు తొలవడానికి ఆరితేరిన చేతులు, చాలా కాలం కావాలి. మేకులు కొట్టడానికి అంత అవసరం లేదు. అయితే ఈ మార్పు ఒకే దారిన నడవలేదు. ఇజ్రాయెల్ తీరాన డోర్ వద్ద తరువాత దొరికిన 6వ శతాబ్దం నాటి ఓడను కూడ పక్కటెముకలు ముందు నిలిపియే కట్టినట్లు తేలింది. కొత్త పద్ధతి కొన్నిచోట్ల ముందే వచ్చింది.

కైరీనియా ఓడకు ప్రతిరూపమైన 'కైరీనియా 2'ను గ్రీసులో పాత పద్ధతినే, పలకలు ముందుగా అమర్చి కట్టి, 1985లో నీటిలోనికి దింపారు. మరుసటి ఏడు అది సైప్రస్‌కు ప్రయాణించింది. నమూనా చెప్పిన మాట నిజమని సముద్రమే ఒప్పుకొన్నది.

మన తీరంలో

పలకలు ముందు కూర్చే పద్ధతి మనకు కొత్తది కాదు. కోరమండల్ తీరంలో వాడుకలో ఉండిన మసూలా పడవల పలకలను కొబ్బరినార తాళ్ళతో కుట్టేవారు. వాటికి పక్కటెముకలే లేవు. ఒడ్డున విరిగే అలల తాకిడికి బిగిసిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ వంగి తట్టుకొంటుంది. అజంతా చిత్రంలోని 5వ శతాబ్దపు ఓడ ఆధారంగా కుట్టుపద్ధతిలో నిర్మించిన 'కౌండిన్య' ఓడ 2025 మే నెలలో కార్వార్‌వద్ద భారత నౌకాదళంలో చేరింది. దానికి పాత కొలతల పటాలేవీ లేవు. కావున మద్రాసు ఐ.ఐ.టి.లో ముందుగా నమూనాను నీటిలో పరీక్షించారు.

పురావస్తు శాస్త్రంలో పట్టాలేని స్టెఫీ, తరువాత టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఓడల నిర్మాణశాస్త్రాన్ని బోధించాడు. 1985లో మెకార్థర్ పురస్కారం పొందాడు. ఓడపలకలను మలచిన గ్రీకు వడ్రంగి పేరు ఎవరికీ తెలియదు. కాని అతడు ముందేది చేశాడో, తరువాతేది చేశాడో ఇపుడు తెలుసును. ఆ పనిని మరల చేతులతో చేసి చూచినందువల్లనే అది తెలిసింది.