డెబ్బై లీటర్ల లెక్క

మూత్రపిండాలు రక్తాన్ని వడపోస్తాయని ఇవాళ బడిపిల్లలు కూడా చెబుతారు. ఈ చిన్న మాట నిలదొక్కుకోవడానికి శాస్త్రంలో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. సరైన పరికరాలు లేకపోవడం ఒక కారణమే కానీ, ప్రకృతి దుబారా చేయదన్న నమ్మకం అంతకన్నా గట్టిగా అడ్డుపడిందని నా అభిప్రాయం. 1666లో ఇటలీలో మాల్పిఘీ మూత్రపిండంలో రక్తనాళాల కొసలకు కాయల్లా వేలాడే చిన్న ఉండల్ని గుర్తించాడు. 1842లో లండన్‌లో బౌమన్ వాటికీ మూత్రనాళికలకూ ఉన్న లంకెను చూపించాడు. ఉండను కప్పిన తొడుగే సాగి నాళిక అవుతోంది. అయితే ఉండలోంచి నీరు మాత్రమే దిగుతుందని, వ్యర్థాలను నాళిక గోడలు స్రవిస్తాయని ఆయన అనుకున్నాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లుడ్విగ్ వేరే మాట చెప్పాడు: రక్తపు ఒత్తిడికే ప్రొటీన్లు తప్ప తక్కిన ద్రవమంతా ఉండలోంచి దిగిపోతుంది, దారిలో చాలా భాగం తిరిగి రక్తంలోకి చేరుతుంది.

లుడ్విగ్ మాటకు గట్టి ప్రత్యర్థి హైడెన్‌హైన్. ఆయన జంతువుల రక్తంలోకి నీలిరంగు ఎక్కించి చూస్తే, రంగు ఉండల్లో కాక నాళికల కణాల్లో కనిపించింది. దానికి తోడు ఒక లెక్క కట్టాడు. మనిషి రోజూ విసర్జించే యూరియా అంతా వడపోతతోనే రావాలంటే డెబ్బై లీటర్ల దాకా ద్రవం దిగాలి, అందులో లీటరున్నర మినహా అంతా వెనక్కి తోడుకోవాలి. ఇది నమ్మశక్యం కాదన్నాడు. లెక్క కట్టిన తీరులో తప్పేమీ లేదు, తప్పంతా ఆ అపనమ్మకంలోనే ఉంది. 1924లో ఫిలడెల్ఫియాలో వేర్న్, రిచర్డ్స్ వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టంతో కప్ప మూత్రపిండపు ఉండను పొడిచి, తొడుగులోని ద్రవాన్ని బొట్టు బొట్టుగా తీశారు. అందులో ప్రొటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చక్కెర లేదు. పైన దిగిన చక్కెర కింద మాయమైందంటే, నడుమ ఎక్కడో రక్తం దాన్ని వెనక్కి తీసుకుందన్నమాట.

అలాగని హైడెన్‌హైన్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. కొన్ని పదార్థాలను నాళికలే స్రవిస్తాయని అమెరికాలో మార్షల్ వేర్న్, రిచర్డ్స్‌ల కాలంలోనే చూపాడు. అసలు ఈ ఉండలే లేని సముద్రపు చేపలు కొన్ని మూత్రం తయారుచేస్తాయి. కాబట్టి స్రావం ఉంది, కానీ మనుషుల్లో ప్రధానమైన పని వడపోతదే. ఇంత పారబోసి ఇంత తోడుకోవడం దండగ కాదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి, కావలసింది మాత్రమే లోపలికి తెచ్చుకుంటాం. చెత్తలో ఏమేముందో పేరుపేరునా తెలియనక్కర్లేదు. మూత్రపిండమూ అంతే. మునుపెన్నడూ ఎరగని విషమైనా, ప్రొటీన్లకు అంటుకోని చిన్న అణువైతే చాలు, వాకిట్లోకి వచ్చేస్తుంది. వెనక్కి తెచ్చుకోవాల్సిన చక్కెర, ఉప్పు, నీరు మాత్రం ఒంటికి పాత పరిచయమే.

ఇంతకీ హైడెన్‌హైన్ నమ్మలేకపోయిన డెబ్బై లీటర్లు నిజానికి చాలా తక్కువ. ఆరోగ్యవంతుడైన మనిషిలో మూత్రపిండాలు నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 180 లీటర్లు వడకడతాయి. ఒంట్లో ఉండే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మూడు లీటర్లే.