వైద్యమాత యగు అడ్డసరము

పెరటిచెట్టు మందునకు రాదని మనవారి సామెత. ఈ సామెతకు అడ్డసరమంతగా బలియైన మొక్క మఱియొకటి లేదని నా తలంపు. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు డెల్టానేల ముగిసి మెట్ట యారంభమగుచోట కంచెలవెంటను గట్లమీదను ఇది పెరుగును. కొల్లేటి ముంపునేలలు దీనికి సరిపడవు. ఆకు మిక్కిలి చేదగుటచే మేకలు సైతము ముట్టవు. కావుననే రైతు దీనిని కంచెగా నాటును. 1753లో లిన్నేయసు దీనికిడిన ‘అధాటోడ’ యను నామము తమిళుల వాడుకపేరునుండి వచ్చినదనియు, మేక తాకనిదని దాని యర్థమనియు చెప్పుదురు.

సంస్కృత నామములింకను గమనింపదగినవి. అమరసింహుడు వనౌషధివర్గమున వృషము, అటరూషము, సింహాస్యము, వాసకము, వాజిదంతకము మున్నగు పేరులను జెప్పెను. తెల్లనిపువ్వు నోరు తెఱచిన సింగమువలె నుండుటచే సింహాస్యమయ్యెను. అన్నిటికంటె నాకు ప్రియమైనది ‘వైద్యమాత’. కంచెమొక్కకు తల్లియను పేరు ఊరక రాదు గదా!

ఇది తిక్తకషాయరసము, శీతవీర్యము గలది, కఫపిత్తముల నణచునది. దగ్గు, ఉబ్బసములందును, నోట నెత్తురుపడు రక్తపిత్తమందును మనవైద్యులు దీనిని ముఖ్యముగా వాడిరి. పచ్చియాకును ఎంత దంచినను రసము సులభముగా రాదు. అందులకే పుటపాకవిధి. ఆకును నూఱి ముద్దచేసి, వెడల్పాకులలో జుట్టి, పైని మట్టిపూసి, నిప్పులలో నుంచి, మట్టి యెఱ్ఱబాఱినపిదప దీసి పిండవలెను. ఆ రసమును తేనెతో నిత్తురు. వాసావలేహము, వాసాఘృతము, వాసారిష్టము అనునవియు దీనితో జేయునవే.

1888లో మదరాసు ప్రభుత్వపు క్వినైను రసాయనజ్ఞుడగు డేవిడ్ హూపరు ఈ యాకునందలి ‘వాసిసీన్’ అను సత్త్వమును ప్రకటించెను. 1963లో జర్మనీనుండి వెలువడిన బ్రోంహెక్సిన్ అను కఫహరౌషధము ఆ సత్త్వము ననుసరించి కూర్చబడినదే. కంచెమొక్క సీమకేగి బిళ్లయై తిరిగివచ్చినపిదపగాని మనకు దానిపై గౌరవము కలుగలేదు.

ముందుగనే ఆ గౌరవము చూపినవారు లేకపోలేదు. 1880లో పశ్చిమగోదావరి ప్రాంతపు మాధవరమున జన్మించిన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఆంగ్లవైద్యమున పట్టము పొందియు, మదరాసున దీవి గోపాలాచార్యులవారికడ ఆయుర్వేదము నభ్యసించి, అచటి ఆయుర్వేద కళాశాలకు ప్రధానాచార్యులైరి. రెండు వైద్యములను సరిగా నెఱిగిన యట్టివారు ఆ కాలమున నరుదు.

సంఘసోదరులారా, ఒకమాట దాచగూడదు. అడ్డసరముండగా క్షయకు వెఱవనక్కఱలేదని పూర్వులు నమ్మిరి. దగ్గును శమింపజేయుట వేఱు, క్షయక్రిములను జంపుట వేఱు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడుటతో ఆ క్రిములను గెలుచు మార్గమేర్పడినది. నేడు నెత్తురు గ్రక్కువాడు ఆకురసముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి బోవలెను. గర్భిణులకు దీనిని బొత్తిగా నీయరాదు. వాసిసీన్ గర్భాశయమును సంకోచింపజేయును. కోడండ్రకును కూతుండ్రకును కషాయములు కాచి యిచ్చు పెద్దమ్మలు చేదును వడగట్టుటకుముందు ఈ సంగతిని విచారించుకొనవలయును.